పొట్టి పేర్ల పురాణం

ఖరగ్‌పూర్ స్టేషన్లో బండి కోసం పడిగాపులు పడ్డవాళ్ళలో ఎవాంజలిన్ గొంతు విననివాళ్ళు లేరు. ఆవిడ ముఖం చూసినవాళ్ళు మాత్రం బహు తక్కువ. అంత పొడుగు ప్లాట్‌ఫారం మీద అన్ని వేలమంది చెవుల్లోకి దూరిన మనిషి, కిటికీ కూడా సరిగ్గా లేని ఒక చిన్న గదిలో స్టూలు మీద కూర్చుని, పక్కన గోరువెచ్చటి నీళ్ళ ఫ్లాస్కు పెట్టుకుని ఉద్యోగమంతా గడిపేసింది. ఏ బండి ఎప్పుడొస్తుందో మైకులో చెప్పడం ఆవిడ పని. బెంగాలీలో ఒకసారి, హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. బండి ఆలస్యమైతే ఆ తప్పేదో తనదే అన్నట్టు గొంతు కాస్త కిందికి దిగేది. అలా చెప్పమని రైల్వేవాళ్ళు ఎవరూ ఆవిడకి నేర్పలేదు. "సంటిపిల్లల తల్లులు నేల మీద కూకుని ఉంటారు కదా. ఆళ్ళకి లేటని గట్టిగా సెప్తే తిట్టినట్టుంటాది" అనేది. ఇలాంటి మనిషి గురించి చెప్పుకునేటప్పుడు పక్షపాతం రాకపోతేనే వింత.

పుట్టింది ఆ ఊళ్ళోనే, నిమ్‌పురాలో, రైల్వే యార్డు పక్క క్వార్టర్లో. తండ్రి బళ్ళకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. తాతగారి కాలంలో భీమిలి వైపు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజార్లో బెంగాలీ, బడిలో ఇంగ్లీషు. ఆదివారం చర్చిలో వాక్యం చదవడానికి పెద్దవాళ్ళు మొహమాటపడితే ఈ పిల్లని నిలబెట్టేవారు. బల్ల అందక పీట మీద నిలబడి చదివేది. ఒక్క మాట మింగేది కాదు. ఆ చదువే తర్వాత ఉద్యోగం తెచ్చిపెట్టింది. పెళ్ళి గూడ్సు బండి నడిపే సిరిల్‌తో అయింది. సిరిల్‌కి ఇప్పటికీ ఒక్కటే ఫిర్యాదు.

"బండి లేటయితే ఊరందరికీ క్షమించండని సెప్పేది. ఇంట్లో కూర లేటయితే నాకు మాత్రం ఒక్కనాడూ సెప్పనేదు" అంటాడు.

ఆవిడ ఉద్యోగం సగంలో ఉండగా కంప్యూటర్ వచ్చింది. మనిషి కూర్చుని చెప్పనక్కర్లేదు, ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి పెట్టుకుంటే అదే అతికించి చెబుతుందన్నారు. ఆ ముక్కలు రికార్డు చేయడానికి పిలిచిన నలుగురిలో ఎవాంజలిన్ ఒకతె. తన కుర్చీ తీసేసే పని తనచేతే చేయించారని వేరే మనుషులైతే గొణుక్కునేవారు. ఆవిడ శ్రద్ధగా చేసింది. ఒక్కొక్క ఊరి పేరు, ఒక్కొక్క అంకె, విడివిడిగా చదివి, విడివిడిగా దాచింది. ఆ పాత కంప్యూటర్ ఏ ముక్కకైనా ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలకి మించి పేరు పెట్టనిచ్చేది కాదు. మధ్యలో ఖాళీ ఉన్నా ఒప్పుకునేది కాదు. ఆ తంటా అంతా పడి, పని పూర్తిచేసి, ఆవిడ ఎంక్వయిరీ కౌంటర్‌కి మారిపోయింది. మైకులో విన్నదాన్నే మళ్ళీ అడగడానికి వచ్చేవాళ్ళకి అదే గొంతుతో మళ్ళీ చెబుతూ, అక్కడే రిటైరైంది.

రిటైరయ్యాక కొన్నాళ్ళు ఇల్లు సర్దింది. సర్దిన ఇల్లే మళ్ళీ సర్దింది. గొంతు ఊరికే పడి ఉందని ఆవిడ పైకి అనలేదు గానీ, కుక్కర్ దగ్గర నిలబడి కూడా మాటని విడగొట్టి స్పష్టంగా మాట్లాడేది. "మూడు విజిళ్ళు వచ్చినవి. అన్నం వడ్డించబడును" అని సిరిల్ వెక్కిరించేవాడు.

అలాంటి రోజుల్లో గోల్ బజార్లో కూరగాయల దగ్గర మైథిలి కనిపించింది. మైథిలి న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే బడి టీచరు. తండ్రి త్యాగరాజుగారు రైల్వే అకౌంట్స్ ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. కూతురి క్వార్టర్లోనే ఉంటారు. శనివారం సాయంత్రాలు అక్కడి తెలుగు గుడిలో పురాణం చెబుతారు. అట్ట ఊడిపోయి, పేరు కూడా ఏమిటో తెలియని ఒక లావుపాటి పాత పురాణ కథల పుస్తకం ఉంది ఆయన దగ్గర. వారమంతా దాన్ని చదువుకుని, శనివారం ఒక కథ చెప్పేవారు. గ్లకోమా వచ్చి ఆయన చూపు కొంచెం కొంచెంగా పోయి, ఈ మధ్య పూర్తిగా పోయింది.

"బడి నుంచి వచ్చి నేనే చదివి వినిపిస్తన్నాను దీదీ. చదువుతా చదువుతా నిద్రపోతన్నాను. ఆయన మళ్ళీ చదవమని అడగరు. అర్థమైపోయిందమ్మా, పడుకో అంటారు" అంది మైథిలి.

ఎవాంజలిన్ చేతిలో వంకాయ సంచీలో వేసుకుంది. తర్వాత చాలా మామూలుగా, "నేను సదివి రికార్డు సేసిత్తాను. ఆరికి కావలసినప్పుడు వింటారు" అంది.

హిందువుల పురాణం చర్చి మనిషి చదవడమేమిటని అటు కొందరూ ఇటు కొందరూ నొసలు చిట్లించారు. చర్చిలో ఒకావిడ అడిగేసింది కూడా. ఎవాంజలిన్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "జగన్నాథ్ ఎక్స్‌ప్రెస్ వస్తంది, జగన్నాథ్ ఎక్స్‌ప్రెస్ వస్తంది అని ఇన్నేళ్ళు అరిసినాను. అప్పుడు ఎవురూ అడగనేదే" అంది.

త్యాగరాజుగారి దగ్గర ఒక మాట్లాడే ప్లేయర్ ఉండేది. కలకత్తాలో చూపులేనివాళ్ళ కోసం పనిచేసే ఒక సంఘంవాళ్ళు ఎప్పుడో ఇచ్చినది. సబ్బుపెట్టె అంత డబ్బా. బొడిపెల్లాంటి బటన్లు. మెమరీ కార్డు పెట్టి బటన్ నొక్కితే, ముందు ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటే చదువుతుంది. ఇదే కావాలంటే ఇంకో బటన్, తర్వాతది కావాలంటే పక్క బటన్. కొత్త ఫోను కొనిస్తానని మైథిలి ఎన్నిసార్లు చెప్పినా ఆయన వద్దన్నారు. "అద్దం మీద ఏటి తడమమంటావమ్మా? దీనికైతే బొడిపెలున్నాయి" అనేవారు.

ఎవాంజలిన్ చదవడం మొదలుపెట్టింది. పూరీ గేట్ దగ్గర తమ ఇంట్లో తలుపులు వేసుకుని, ఫ్యాను ఆపేసి, కంప్యూటర్ ముందు కూర్చునేది. చదివే ముందు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకోవడం ఆవిడ అలవాటు. స్టేషన్లో ఉన్నప్పుడు కూడా మైకు వేసేముందు అది తప్పేది కాదు. అయితే త్యాగరాజుగారికి కూడా ఒక అలవాటుంది. ఆయన ఏ కాగితం మీదా పైన 'శ్రీరామ' అని రాయకుండా ఒక్క అక్షరం పెట్టరు. పచారీ చీటీ మీద అదే, పోస్టుకార్డు మీద అదే. ఆఫీసులో ఒక పెద్ద అధికారి, ఇవి రైల్వే కాగితాలు, దేవుడి కాగితాలు కావని మందలిస్తే, ఆనాటి నుంచి కనీకనపడకుండా పెన్సిలుతో రాశారు తప్ప మానలేదు. అందుకని ఫైళ్ళకి కూడా ముందు శ్రీరామ ఉండాల్సిందేనన్నారు. ఎవాంజలిన్ సరేనంది. 'శ్రీరామ కుమ్మరి కథ మొదటి భాగం', 'శ్రీరామ పడవవాడి కథ మొదటి భాగం' అని ఇంగ్లీషు అక్షరాల్లో శుభ్రంగా, పూర్తిగా టైపు చేసి కార్డులో వేసి ఇచ్చింది.

మొదట్లో బాగానే నడిచింది. ప్లేయర్ ఆ పొడుగు పేరు చదవకుండా "ఎస్, ఆర్, ఐ, ఆర్, ఏ, ఎం, టిల్డ, వన్" అని ఆగిపోయేది. తర్వాతది టిల్డ, టూ. ఉన్నవి నాలుగే కాబట్టి, ఒకటి కుమ్మరి, రెండు పడవవాడు అని ఆయన గుర్తుపెట్టుకున్నారు.

"ఎవాంజలిన్ అమ్మా, ప్రతిసారీ రాముడి పక్కన ఈ టిల్డ ఎవరు? మీ చర్చిలో మనిషా?" అని అడిగితే ఆవిడ నవ్వి, కంప్యూటర్ పెట్టే వంకర గీత అని చెప్పింది. అప్పటికి ఇద్దరూ దాన్ని అక్కడితో వదిలేశారు.

కథలు పెరిగాయి. కార్డు నిండుతున్న కొద్దీ ఆయనకి తోవ తప్పడం మొదలైంది. నాలుగు దాటాక ఆ ప్లేయర్ ఎస్, ఆర్ అని మొదలెట్టి, ఆపైన ఎఫ్, సెవెన్, త్రీ, బి అంటూ నోటికొచ్చిందల్లా చదవసాగింది. ఏది ఏ కథో తెలియదు. ఒక్కొక్కటి నొక్కి, మొదలు విని, కాదని ఇంకోటి నొక్కి, అలా గంటలు గడిచేవి. ఇంత అవస్థ పడుతూ కూడా ఆ పెద్దాయన కూతురితో ఒక్క మాట అనలేదు, ఎవాంజలిన్‌తో అసలే అనలేదు. కళ్ళు పోయినందుకు ఆయన ఎవరిముందూ కంటతడి పెట్టలేదు. ప్రతిదానికీ నోరు తెరిచి అడగాల్సి రావడమే ఆయనకి మింగుడుపడనిది.

ఒక శనివారం ఆ మొండితనం గుళ్ళో బయటపడింది. ఆ రోజు చెప్పవలసింది కుమ్మరి కథ రెండో భాగం. మధ్యాహ్నమంతా వెతికినా డబ్బాలో దొరకలేదు. మైథిలి పరీక్ష పేపర్లు దిద్దుకుంటోందని అడగలేదు. గుర్తున్న దాన్ని బట్టి చెప్పేద్దామని వెళ్ళి కూర్చున్నారు. కుమ్మరిని సగం దాకా బాగానే నడిపించి, ఎక్కడో పట్టు తప్పి, ఆ కుమ్మరిచేత నది దాటించేశారు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ ఉండబట్టలేక, "పంతులుగారూ, నది దాటినోడు పడవోడు కదండీ. కుమ్మరోడికి పడవెక్కడిదీ?" అంది. ఆవిడది చెడ్డబుద్ధి కాదు. కానీ వెనక కొందరు నవ్వారు. త్యాగరాజుగారు మంగళం పాడేసి లేచారు. గుమ్మం దాకా వచ్చాక కమిటీవాళ్ళతో, వచ్చే శనివారం చెప్పి మానేస్తాను, ఆ తర్వాతికి ఇంకెవరినైనా చూసుకోండి అన్నారు.

ఎవాంజలిన్‌కి ఈ సంగతి సోమవారం మైథిలి చెప్పింది. చెబుతూ ఏడ్చింది. ఎవాంజలిన్ ఏడవలేదు. చెప్పులు తొడుక్కుని నేరుగా క్వార్టర్‌కి వచ్చింది. త్యాగరాజుగారు వరండాలో కూర్చుని ఉన్నారు. పలకరింపులు అయ్యాయి.

"పంతులుగారూ, ఆ డబ్బా ఒకసారి ఇటియ్యండి" అంది.

ఇచ్చారు. ఆవిడ పక్కన కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, కుమ్మరి కథ రెండో భాగం వెతకడం మొదలుపెట్టింది. చదివింది తానే, రికార్డు చేసింది తానే, కార్డులో వేసింది తానే. నొక్కింది, విన్నది, నొక్కింది. టీ పెట్టుకుని వచ్చిన మైథిలి కప్పులు చల్లారేదాకా అలాగే నిలబడింది. దొరకలేదు. ఎవాంజలిన్ కళ్ళు తెరిచింది. ముఖం ఎర్రబడిపోయింది.

"ఇన్నాళ్ళూ మీరు దీంతో ఎలా వేగినారండీ? నాకొక్క మాట సెప్పకూడదా?"

"ఏటి సెప్పనమ్మా? పుణ్యానికి సదివి పెడుతున్నావు. అందులో వంకలా?" అన్నారాయన.

ఆ మాట ఆవిడకి బాగా గుచ్చుకుంది. తను చేసినదాన్ని వాళ్ళు దయ అనుకుంటున్నారు, ఈయన దయకి కట్టుబడి నోరు మూసుకున్నారు. ఎవాంజలిన్ ఎవరికీ దయ చేయడానికి బయల్దేరలేదు. ఒకరికి కావలసింది వాళ్ళ చెవికి అందేలా చెప్పడం ఆవిడకి తెలిసిన పని. ఆ పని ఇక్కడ కుదరలేదు. అంతే సంగతి.

మైథిలి కంప్యూటర్లో కార్డు పెట్టి చూస్తే పేర్లన్నీ నిండుగా, అందంగా ఉన్నాయి. మరి డబ్బా ఎందుకు చదవడం లేదు? ఎవాంజలిన్ కాసేపు చూసి, తన చిన్న గదిలోని పాత కంప్యూటర్‌ని తలుచుకుంది. అప్పుడు తేలింది. కంప్యూటర్ ఇలాంటి కార్డుల మీద ప్రతి పొడుగుపేరు పక్కనా ఇంకో పొట్టి పేరు కూడా దాచిపెడుతుంది. పాత యంత్రాలు ఆ పొట్టి పేరునే చదవగలవు. అందులో మొదటి ఆరక్షరాలు ఉంచి, తక్కినదంతా కోసేసి, ఒక వంకర గీత, ఒక అంకె తగిలిస్తుంది. ఒకే మొదలున్నవి నాలుగు దాటితే ఇక విసుగొచ్చినట్టు మొదటి రెండక్షరాలే ఉంచి, మిగతా చోట పొంతనలేనివేవో నింపేస్తుంది. ఇక్కడ ఆ మొదటి ఆరక్షరాలూ అన్ని ఫైళ్ళకీ శ్రీరాముడివే. కుమ్మరి అయినా, పడవవాడైనా, కోతకి గురైన భాగంలోనే ఉండిపోయారు.

ఇది ఆయనకి ఎలా చెప్పడం? మెల్లిగా, విడమరిచి చెప్పింది. త్యాగరాజుగారు అంతా విన్నారు. అర్థమైంది కూడా. కానీ తల అడ్డంగా ఊపారు.

"శ్రీరామ తీసేసి నేను దేన్నీ మొదలెట్టనమ్మా. ఆఫీసరు సెప్తేనే మాననేదు. ఈ డబ్బా సెప్తే మానీమంటావా? పురాణం మానేస్తాను, సులువు."

మైథిలి విసుక్కోబోయింది. ఎవాంజలిన్ ఆమె చెయ్యి పట్టి ఆపింది. ఆవిడకి ఆ మొండితనం కొత్త కాదు. ప్లాట్‌ఫారం మీదికి బండి వచ్చేస్తున్నా తన చిన్న ప్రార్థన పూర్తికాకుండా మైకు వేయని మనిషి ఆవిడ. "తీసీమని నేననను పంతులుగారూ. రెండ్రోజులు ఆగండి" అని లేచి వచ్చేసింది.

ఆ రెండ్రోజులూ ఆవిడ మనసు మనసులో లేదు. శనివారం ఒక్కటే ఉంది. అదీ దాటితే ఆయన గుళ్ళో పురాణం పీట ఇక ఎక్కరు. కుర్చీ పోవడమంటే ఏమిటో ఆవిడకి ఒకరు చెప్పాలా? ఆవిడ దగ్గర గొంతు ఉండగానే మైకు పోయింది. ఆయన దగ్గర కథ ఉండగానే పీట పోతోంది. బుధవారం చేపలు కొనుక్కుని ఇంటికి వచ్చి, తలుపు తట్టబోతూ తల ఎత్తింది. గుమ్మం పైన, సిరిల్ నీలం రంగుతో చేతిరాతన రాసిన 'యేసు ఈ ఇంటి యజమాని' అన్న మాటలు రోజూ ఉన్నట్టే ఉన్నాయి. ఎవాంజలిన్ చేపల సంచీతో అక్కడే నిలబడిపోయింది. లోపల్నుంచి సిరిల్ వచ్చి, "ఏటైనాది? తలుపు మర్చిపోనావా?" అన్నాడు. ఆవిడ సంచీ అతని చేతికిచ్చి, వచ్చిన దారినే గబగబా వెళ్ళిపోయింది.

"పంతులుగారూ, మా గుమ్మం మీద ప్రభువు పేరు రాసుకున్నాం" అంది వరండా మెట్లు ఎక్కుతూనే, ఆయాసంతో. "గుమ్మం మీద ఒక్కసారే రాసినాం. గిన్నెల మీదా మంచాల మీదా రాయనేదు. ఇల్లంతా ఆయనదే అయినాది కదండీ?"

త్యాగరాజుగారు తల వాల్చి విన్నారు.

"మీరైనా అంతే కదా. కాయితం పైన ఒక్కసారి రాస్తారు. లైను లైనుకీ రాస్తారా? ఇందులో ఫోల్డరని ఒకటుంటాది. గదనుకోండి. గదికి శ్రీరామ అని పెడతాను. కథలన్నీ ఆ గదిలో ఉంటాయి. ఏ కథ వినాలన్నా ముందు ఆ గుమ్మం దాటే రావాల."

ఆయన వేళ్ళతో కుర్చీ చేతిని తడుముతూ ఆలోచించారు. లొసుగు ఏదైనా దొరుకుతుందేమోనని అకౌంట్సు మనిషి వెతికినట్టే వెతికారు. దొరకలేదు. చివరికి బోసినోరు బార్లా తెరిచి నవ్వారు.

"ఠీక్ హై. మరి లోపల కథలకి ఏటి పెడతావు?"

"పొట్టి పేర్లు పెట్టాల. ఎనిమిది అక్షరాలకి లోపే."

"ఎనిమిదెందుకమ్మా?" అన్నారాయన, ఒక్కసారి నిటారుగా కూర్చుని. "మనం రైలోళ్ళం కాదా? ఖరగ్‌పూర్‌కి కేజీపీ అని మూడే. విశాఖపట్నమంత ఊరికి నాలుగే. శ్రీకాకుళం రోడ్డుకి కోడేటి, సెప్పు?"

"సీహెచ్ఈ. ఇంగ్లీషోళ్ళ నాటి ఊరు పేరు మారినాది గానీ కోడు మారనేదు" అంది ఆవిడ, రోజూ చెప్పే మాటలా.

"అదీ. కథకి ఒక స్టేషను. నేను కోడ్లు సెప్తాను, నువ్వు కొట్టు."

ఆ సాయంత్రం ఆ వరండాని చూసినవాళ్ళు ఏదో పెళ్ళి మాటలు జరుగుతున్నాయనుకుని ఉంటారు. కుమ్మరి కథ కేఎంఆర్. పడవవాడి కథ పీడీవీ. నూతిలో దీపం కథ ఎన్డీపీ. రెండు భాగాలుంటే చివర అంకె. రెండు కథలకి ఒకే కోడు వస్తుందని ఎవాంజలిన్ అడ్డం పడితే, ఆయన హౌరా డివిజన్ నుంచి వాల్తేరు దాకా ఉదాహరణలు చెప్పి వాదించేవారు. వాదించి, ఓడిపోయి, కొత్త కోడు పెట్టేవారు. బడి నుంచి వచ్చిన మైథిలి, తండ్రి గొంతు వీధిలోకి వినిపిస్తుంటే గేటు దగ్గరే ఆగిపోయింది. ఆయన అంత గట్టిగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తులేదు.

పేర్లు మార్చడంతో పని అయిపోలేదు. ఎవాంజలిన్ ప్రతి ఫైలు మొదట్లోనూ తన గొంతుతో ఆ కథ పూర్తి పేరు, ఎన్నో భాగం, తెలుగులో చదివి అతికించింది. డబ్బాకి పొట్టి పేరు చాలు, మనిషికి నిండు పేరు వినపడాలి కదా. అన్నీ కలిపి కార్డులో వేస్తే ప్లేయర్ వాటిని ఆయన చెప్పిన వరసలో వినిపించలేదు. కార్డులోకి ఏది ముందు వెళితే దాన్నే ముందు చదివే రకం అది. అందుకని మొత్తం తుడిచేసి, శ్రీరామ పేరుతో గది కట్టి, ఒక కథ పంపి, అది చేరేదాకా ఆగి, ఇంకోటి పంపి, అలా వరస తప్పకుండా ఒక్కొక్కటే ఎక్కించింది.

"అన్నీ ఒకేసారి పంపితే అయిపోతాది కదా దీదీ" అంది మైథిలి.

"ఒకే పట్టా మీద రెండు బళ్ళు వదుల్తామా?" అంది ఎవాంజలిన్, తెర మీంచి కళ్ళు తీయకుండా.

శుక్రవారం డబ్బా ఆయన చేతిలో పెట్టింది. ఆయన బటన్ నొక్కారు. "ఎస్, ఆర్, ఐ, ఆర్, ఏ, ఎం, ఏ" అంది డబ్బా. తోక లేదు, కోత లేదు. పేరు నిండుగా వచ్చింది. త్యాగరాజుగారు డబ్బాని రెండు చేతుల మధ్య పట్టుకుని ఒక్కసారి కళ్ళకి అద్దుకున్నారు. తర్వాత ఇద్దరూ పందెం వేసుకున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని పడవవాణ్ణి వెతికింది, దొరికాడు. ఆయన ఆవిడకంటే ముందే కుమ్మరి రెండో భాగం పట్టేశారు. అయినా, "వచ్చే వారం నుంచి మానేస్తానని మాటిచ్చేసినానమ్మా. ఈ ఒక్క శనివారం సెప్పేసి దిగిపోతాను" అన్నారు. ఎవాంజలిన్ చెప్పులు తొడుక్కుని ఇంటికి వచ్చేసింది.

శనివారం ఆవిడ గుడి వరండాలో చివరగా, గోడకి ఆనుకుని కూర్చుంది. సిరిల్ కూడా వచ్చి, చెప్పులు చూసుకునే నెపంతో మెట్ల దగ్గర నిలబడ్డాడు. త్యాగరాజుగారిని మైథిలి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టి, పక్కనే కూర్చుంది. ఆయన కుమ్మరి కథ రెండో భాగం చెప్పారు. ఒక్క చోట కూడా తడబడలేదు. మట్టి ఎక్కడ తవ్వాడో, ఏ కుండ పగిలిందో, పగిలిన కుండలో ఏం దొరికిందో, అన్నీ వాటి వాటి చోట్లలో ఉన్నాయి. గుళ్ళో వాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. కథ అయింది. మంగళం పాడాలి. పాడితే ఇక దిగిపోవడమే.

అప్పుడు ముందు వరసలోంచి కిందటి వారం తప్పు పట్టిన ముసలావిడే లేచింది.

"పంతులుగారూ, అడగొచ్చో అడక్కూడదో. సోమవారం నన్ను ఆపరేషన్‌కి తీసుకెళ్తన్నారు. మళ్ళీ వచ్చి కూకుంటానో నేదో. ఆ నూతిలో దీపం కథ మీరు ఎప్పుడో సెప్పినారు. ఇంకొక్కసారి వినాలని ఉంది" అంది.

అది ఆయన ఈ మధ్య విన్న కథ కాదు. చెప్పి ఏళ్ళయింది. కమిటీలో ఒకాయన, ఇవాళ్టికి పొద్దుపోయింది లెండని సర్దబోయాడు. త్యాగరాజుగారు జుబ్బా జేబులోంచి డబ్బా తీశారు. మైథిలి అలవాటుగా సాయం చేయబోయి, డబ్బా అందుకోవడానికి చెయ్యి చాచింది.

"ఉండమ్మా. అదెక్కడుందో నాకు తెల్సు" అన్నారాయన.

మైథిలి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన బొటనవేలు బటన్ల మీద నడిచింది. తొందరపడలేదు, ఆగిపోలేదు. డబ్బాని చెవికి ఆనించుకుని తల కొంచెం వంచారు. అంతమందీ ఆయన వినడం అయ్యేదాకా కదలకుండా కూర్చున్నారు. కమిటీ ఆయన కూడా కూర్చుండిపోయాడు. కొంతసేపటికి త్యాగరాజుగారు డబ్బా ఆపి, జేబులో వేసుకుని, గొంతు సవరించుకున్నారు.

"కూకోండమ్మా" అన్నారు ముసలావిడతో. "మీరు తిరిగొచ్చినాక ఇంకో కథ అడుగుదురు గాని. నేను ఇక్కడే ఉంటాను."

కథ మొదలైంది. వరండాలో ఎవాంజలిన్‌కి కళ్ళలో నీళ్ళు ఆగలేదు. తుడుచుకోవాలని కూడా అనుకోలేదు. ఆ కథ ఆవిడ చదివి, సరిగ్గా రాలేదని మళ్ళీ చదివి, ప్రతి మాటా నోటికి వచ్చినదే. అయినా పక్కన కూర్చున్న పిల్లలతోపాటు నోరు తెరుచుకుని, నూతిలో దీపం ఎవరు వెలిగించారో తెలియనిదానిలా, చివరిదాకా వింది.